నూనె తీసే డ్రమ్ముకు కరెంటు హీటరా? ముందు ఎర్తు చూసుకోండి

పది సెంట్లలోనో పాతిక సెంట్లలోనో నిమ్మగడ్డి వేసి, నూనె తీయించడానికి యూనిట్ దగ్గర్లో లేక, ఇంటి దగ్గరే 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకుని కరెంటు హీటరుతో ఆవిరి పట్టాలని చూస్తున్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. కట్టెలు దొరకవు, పొగ పడదు, మంట దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. హీటరైతే స్విచ్చి వేస్తే చాలు అనిపిస్తుంది. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

ఇలాంటి డ్రమ్ము ఒకటి ఈ మధ్య ఒక రైతు ఇంటి వెనక చూశాను. గీజరు ఎలిమెంటు బిగించాడు, మూతకు పైపు పెట్టాడు, ఆవిరి చల్లబరచడానికి నీళ్ల తొట్టిలో రాగి గొట్టం చుట్టాడు. పని శుభ్రంగానే ఉంది. "నూనె బాగానే వస్తోందండీ, కాకపోతే డ్రమ్ము ముట్టుకుంటే చేతికి కొంచెం జివ్వుమంటోంది" అన్నాడు. చెప్పులు వేసుకుంటే ఏమీ అనిపించడం లేదట. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు వట్టి కాళ్లతో అటూ ఇటూ తిరుగుతున్నారు. వెంటనే మెయిన్ తీయించాను. అక్కడి నుంచే ఈ వ్యాసం పుట్టింది.

మొదటే ఒక మాట. ఇదే సరంజామాతో సారా కూడా కాయవచ్చు కదా అని ఎవరైనా అనుకుంటే, అది నేరం. 1993లో సారాను నిషేధించిన తరువాత మద్యం విధానాలు ఎన్ని మారినా ఇంట్లో సారా కాయడాన్ని ఏ ప్రభుత్వమూ అనుమతించలేదు. పైగా సారాయి ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇక్కడ రాసేదంతా నిమ్మగడ్డి, పామరోజా, తులసి, పన్నీరు వంటి వాటికి మాత్రమే.

ఎంత గడ్డికి ఎంత కరెంటు?

లెక్క చూసుకోకుండా హీటరు కొనవద్దు. పచ్చి నిమ్మగడ్డిలో నూనె నూటికి అర పాలు నుంచి ముప్పాతిక పాలు వరకు ఉంటుంది. అంటే 20 కిలోల గడ్డికి రమారమి 120 గ్రాములు. 25 లీటర్ల నీళ్లు మరగడానికి 2 యూనిట్లు పైన, గడ్డి వేడెక్కడానికి ఒక యూనిట్ పైన, ఆ తరువాత మూడు గంటలు ఆవిరి పట్టడానికి 9 యూనిట్లు. 3,000 వాట్ల హీటరుతో మొత్తం నాలుగున్నర గంటల పని, 13 యూనిట్ల కరెంటు. కిలో నూనె తేలాలంటే వంద యూనిట్లు దాటిపోతుంది. మీ ఇంటి బిల్లులో యూనిట్ ధర ఎంత పడుతోందో చూసి, నూనె కొనేవాడు ఇచ్చే ధర పక్కన పెట్టి మీరే చూసుకోండి.

నన్నడిగితే, అర ఎకరం దాటి గడ్డి ఉన్నవాళ్లు కరెంటు జోలికి పోకూడదు. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకేసారి 500 కిలోల గడ్డి పట్టే యూనిట్ పెట్టుకుని, నూనె తీసిన గడ్డినే ఎండబెట్టి పొయ్యిలో మండిస్తే ఇంధనం ఖర్చు చాలా వరకు తప్పుతుంది. హీటరు పనికొచ్చేది కొద్దిపాటి గడ్డికి, గులాబీ నీటికి, ఏ చేలో గడ్డికి ఎంత నూనె వస్తుందో చూసుకునే పరీక్షకు.

ఇంకొక సంగతి. పైన చెప్పిన 13 యూనిట్లు డ్రమ్ముకు చుట్టూ కట్టు ఉంటేనే. వట్టి డ్రమ్ము పెడితే 3,000 వాట్లలో సగం దాకా వేడి గాలికే పోతుంది, ఆవిరి మందకొడిగా వస్తుంది. డ్రమ్ము చుట్టూ రెండంగుళాల మందాన గ్లాస్ ఊల్ గాని, గోనెసంచుల్లో కుక్కిన ఊక గాని కట్టండి. హీటరు వైర్లు బిగించే చోట మాత్రం జానెడు మేర ఖాళీ వదలండి. అక్కడ ఊక గాని గోనె గాని తగలకూడదు.

మోటారు కరెంటు వాడవద్దు

బావి దగ్గర కనెక్షన్ నీళ్లు తోడడానికి ఇచ్చినది. దాని మీద హీటరు నడిపితే అనుమతించని వాడకం కిందికి వస్తుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం వాడిన కరెంటుకు రెట్టింపు ధర కట్టించవచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. ప్రాణం సంగతి దానికంటే పెద్దది.

చేలల్లో మూడు ఫేజులు వస్తాయి గాని, చాలా చోట్ల స్టార్టరు దాకా న్యూట్రల్ తీగ రాదు. హీటరుకు ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి కావాలి. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. స్టార్టరులోంచి ఒక ఫేజు లాగి, రెండో తీగను మోటారు ఎర్తు కడ్డీకి చుట్టేస్తారు. బల్బు వెలుగుతుంది కాబట్టి హీటరు కూడా నడుస్తుందనుకుంటారు. నడుస్తుంది కూడా. లోపల జరిగేది ఇదీ.

3,000 వాట్ల హీటరుకు నిరోధం పదిహేడున్నర ఓములు. మీ ఎర్తు గుంట బాగానే ఉండి 10 ఓములు చూపిస్తోందనుకుందాం. 230 వోల్టులు ఈ రెంటి మీదా పంచుకుంటాయి. ఎర్తు కడ్డీ వాటాకు 83 వోల్టులు వస్తాయి. అదే కడ్డీకి మోటారు బాడీ, స్టార్టరు పెట్టె కూడా కలిపి ఉంటాయి కదా, వాటన్నిటికీ ఆ 83 వోల్టులు ఎక్కుతాయి. ఎండాకాలం గుంట ఎండి 50 ఓములకు పోయిందంటే కడ్డీ మీద 170 వోల్టులు నిలుస్తాయి. ఆ పక్కన తడి నేల మీద మేస్తున్న గేదె ముందుకాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య కరెంటు నడుస్తుంది. మనిషి కాళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, పశువు కాళ్లు దూరం. అందుకే ముందు పడేది పశువు. 'కరెంటు స్తంభం దగ్గర గేదె చచ్చింది' అని మనం రాసుకునే వార్తల్లో కొన్నిటికి మూలం ఇలాంటి కనెక్షనే.

ఎర్తు అనేది కరెంటు దారి తప్పినప్పుడు పోవడానికి పెట్టుకున్న గండి. రోజూ పారే కాలువ కాదు అది.

బల్బు వెలిగితే ఎర్తు బాగున్నట్టు కాదు

ఇంటి కరెంటు మీదే నడుపుతాం అంటారా, సరే. ఇంటి ఎర్తు ఎలా ఉందో ఎప్పుడైనా చూశారా? చాలామంది ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి, అది వెలిగితే 'ఎర్తు బ్రహ్మాండం' అంటారు. బల్బు తీసుకునేది అర యాంపియరు లోపే. 50 ఓముల పాడు ఎర్తు మీద కూడా అది దాదాపు మామూలుగానే వెలుగుతుంది.

ఇప్పుడు హీటరు లోపల తీగ తెగి ఫేజు డ్రమ్ముకు తగిలిందనుకోండి. 50 ఓముల ఎర్తు గుండా పోయే కరెంటు నాలుగున్నర యాంపియర్లు. మీరు పెట్టిన ఎంసీబీ 16 యాంపియర్లది. అది కదలదు. కిట్‌కాట్ ఫ్యూజు అయినా అంతే. డ్రమ్ముకు కరెంటు అలాగే నిలిచి ఉంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని. నేను చూసిన రైతు ఇంట్లో ఎర్తు తీగ ఉంది గాని గోడ అవతల రెండడుగుల మేకుకు చుట్టి ఉంది. మేకు తుప్పు పట్టి చేత్తో లాగితే ఊడి వచ్చింది.

ఎర్తు గుంట ఎలా వేయాలంటే, రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర అంగుళం లావు జీఐ పైపుకు రంధ్రాలు వేసి నిలువుగా పాతాలి. చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేసి పూడ్చాలి. పైన గరాటా పెట్టి ఎండాకాలంలో రెండు రోజులకొకసారి బిందెడు నీళ్లు పోస్తుండాలి. పైపు నుంచి ఇంటి దాకా ఎనిమిదో నంబరు జీఐ తీగ గాని రాగి తీగ గాని నట్టు బోల్టుతో బిగించాలి, చుట్టి వదలకూడదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు మెగ్గరుతో కొలిపించండి. 5 ఓముల లోపు వస్తే మంచిది.

ఆర్‌సీసీబీ లేకుండా హీటరు వద్దు

రాతినేలల్లో ఎంత లోతు పాతినా 5 ఓములు రాకపోవచ్చు. అందుకే రెండో కాపలా ఉండాలి. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ అని అడగండి. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. ఫేజులో పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని ఇది చూస్తుంటుంది. లెక్కలో 30 మిల్లీయాంపియర్లు తగ్గిందంటే ఎక్కడో మనిషిలోంచో, తడి గోడలోంచో, డ్రమ్ములోంచో కారుతోందని గ్రహించి రెప్పపాటులో తెగ్గొడుతుంది. పైన చెప్పిన నాలుగున్నర యాంపియర్లకు ఎంసీబీ కదలదు గాని దీనికి అది వంద రెట్లకు పైనే.

అయితే దీనికి కొన్ని చేతకానివి కూడా ఉన్నాయి. ఒక చెయ్యి ఫేజు మీద, ఒక చెయ్యి న్యూట్రల్ మీద పడితే ఇది పట్టుకోలేదు. లోడు ఎక్కువై వైరు కాలినా పట్టించుకోదు, అది ఎంసీబీ పని. రెండూ పెట్టుకోవాలి. ముందు భాగంలో టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది, నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కితే పడిపోవాలి. పడకపోతే కొత్తది వేయించండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. హీటరు ఎలిమెంటు లోపల తెల్లటి పొడి నింపి ఉంటుంది. నాలుగైదు నెలలు వాడకుండా మూల పెడితే ఆ పొడి గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది. మళ్లీ గడ్డి కోతకు వచ్చినప్పుడు స్విచ్చి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. 'ఇది పాడైంది' అని దాన్ని తీసి, తీగలు నేరుగా కలిపేస్తారు. పాడైంది అది కాదు, చెమ్మ ఎక్కిన ఎలిమెంటు. దాన్ని విప్పి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చేత మెగ్గరు పెట్టించండి. ఒక మెగా ఓము పైన వస్తే వాడవచ్చు. రాకపోతే పారేయండి. ఎలిమెంటు మళ్లీ కొనుక్కోవచ్చు.

వైరు, ప్లగ్గు

3,000 వాట్లు అంటే 13 యాంపియర్లు. మిక్సీకో ఇస్త్రీపెట్టెకో పది నిమిషాలు కాదు, నాలుగున్నర గంటలు ఏకధాటిగా. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు దీనికి తట్టుకోదు. పెద్ద పిన్నుల ప్లగ్గును చిన్న సాకెట్టులో దూర్చే అడాప్టరు అసలే వాడవద్దు.

వెనక దొడ్డి దాకా 60 మీటర్ల వైరు లాగారనుకోండి. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే 19 వోల్టులు దారిలోనే పోతాయి. దాదాపు 250 వాట్ల వేడి ఆ వైరులోనే పుడుతుంది. చుట్ట చుట్టి ఒకచోట పడేసిన వైరైతే పైతొడుగు మెత్తబడి కరిగిపోతుంది. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే పోయేది 7 వోల్టులే. ఎర్తుకు మూడో వైరు తప్పనిసరి. రెండు వైర్లే లాగి పని కానిచ్చేవాళ్లను నమ్మకండి.

నిప్పు పుట్టేది ఎక్కువగా అతుకుల దగ్గర. అల్యూమినియం సర్వీసు వైరుకు రాగి వైరు మెలిపెట్టి టేపు చుడితే, కొన్నాళ్లకు ఆ చోట బూజులాంటి తెల్లటి పొర పట్టి వదులవుతుంది, వేడెక్కుతుంది, కాలుతుంది. ఈ రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గులు వేరే ఉంటాయి, అడిగి వేయించండి. హీటరుకు ప్లగ్గు కంటే 20 యాంపియర్ల డబుల్ పోల్ స్విచ్చి, పింగాణీ కనెక్టరు మేలు. నడిచిన అరగంటకు మెయిన్ తీసి కనెక్టరు దగ్గర ముట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే స్క్రూ వదులుగా ఉందన్నమాట.

లో వోల్టేజీ వస్తే మోటారు కాలిపోతుందని మనందరికీ భయం. హీటరు దానికి ఎదురు. 180 వోల్టులు వస్తే 3,000 వాట్ల హీటరు 1,850 వాట్లే ఇస్తుంది, కాలదు గాని ఆవిరి రాదు. హీటరుకు ప్రమాదం హై వోల్టేజీ. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ తెగినప్పుడు కొన్ని ఇళ్లకు 300 వోల్టులు ఎక్కుతాయి కదా, అప్పుడు అదే హీటరు 5,000 వాట్లు దాటి లాగుతుంది. ఇంట్లో బల్బులు ఉన్నట్టుండి తెల్లగా వెలిగితే ఆలస్యం చేయకుండా మెయిన్ తీసేయండి.

మంట తగ్గించినట్టు వేడి తగ్గించుకోవాలంటే ఫ్యాను రెగ్యులేటరు పనికిరాదు. ఒకే 3,000 వాట్ల ఎలిమెంటు బదులు 1,500 వాట్లవి రెండు పెట్టి, రెండు స్విచ్చిలు ఇవ్వండి. నీళ్లు మరిగేదాకా రెండూ, ఆవిరి ధార ఎక్కువైతే ఒకటి. ఇంతకంటే చవక, నమ్మకమైన పద్ధతి నాకు కనబడలేదు.

ఇంటికి మంజూరైన లోడు ఎంతో కరెంటు బిల్లు మీద ఉంటుంది. 500 వాట్లో కిలోవాటో ఉన్న ఇంటి మీద ఈ హీటరు పెట్టకూడదు. సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు ఇవ్వండి. నూనె అమ్మకానికి తీస్తున్నామని చెప్పి, ఏ కేటగిరీ కింద వస్తుందో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.

డ్రమ్ము దగ్గర

గడ్డి ఎలిమెంటును తాకకూడదు. తాకితే మాడు వాసన నూనెకు పడుతుంది, ఆ నూనెను ఎవరూ కొనరు. ఎలిమెంటు పైన నీళ్లు, ఆ పైన రంధ్రాల పళ్లెం, దాని మీద గడ్డి. గంటకు నాలుగు లీటర్ల పైన నీరు ఆవిరవుతుంది. మూడు గంటల్లో పోసిన పాతిక లీటర్లలో సగం పోయినట్టే. నీటిమట్టం దిగి ఎలిమెంటు బయటపడితే నిమిషాల్లో ఎర్రగా కాలి పగులుతుంది. కాబట్టి పక్కన గాజు గొట్టం పెట్టి మట్టం కనబడేటట్టు చూసుకోండి. నూనె తేర్చిన తరువాత మిగిలే నీటిలో ఇంకా కొంత నూనె ఉంటుంది. దాన్ని మళ్లీ డ్రమ్ములోకే పోస్తే మట్టమూ నిలుస్తుంది, నూనె కూడా దక్కుతుంది. పోసేముందు స్విచ్చి తీయడం మాత్రం మరవద్దు.

బోరు నీళ్లు ఉప్పగా, సున్నంగా ఉన్న చోట ఎలిమెంటుకు తెల్లటి పొర పడుతుంది. పొర పట్టిన ఎలిమెంటు లోపలి వేడి బయటికి పోక తొందరగా కాలిపోతుంది. వాన నీళ్లు దొరికితే అవే వాడండి. లేకపోతే నాలుగైదు కాపులకొకసారి ఎలిమెంటు విప్పి చింతపండు రసంలో నానబెట్టి తోమండి.

మూతకు గోధుమపిండి ముద్ద పెట్టి మూసేవాళ్లు ఉన్నారు. అది మంచిదే, లోపల ఒత్తిడి పెరిగితే పిండే ముందు ఊడుతుంది. బోల్టులు బిగించే మూతైతే సేఫ్టీ వాల్వు లేకుండా నడపవద్దు. గడ్డి పరక అడ్డం పడి గొట్టం మూసుకుపోతే డ్రమ్ము బాంబే. ప్రతిసారీ మొదలుపెట్టేముందు గొట్టంలో నోటితో ఊది చూడండి. నూనె పట్టే సీసా, బీడీ దగ్గర దగ్గరగా ఉండకూడదు. స్విచ్చిబోర్డు ఆవిరి తగలని చోట, రెండు మీటర్ల దూరంలో, పిల్లలకు అందని ఎత్తులో బిగించండి.

నిమ్మగడ్డి పిలకలు, రకాలు, నూనె తీసే పద్ధతి గురించి హైదరాబాదు బోడుప్పల్‌లోని సీమాప్ పరిశోధన కేంద్రంలో అడగవచ్చు. అక్కడికి పోయినప్పుడు వాళ్ల యూనిట్ చూసి రండి, కండెన్సరు ఎలా ఉండాలో కంటితో చూస్తే తెలిసినంత రాస్తే తెలియదు.

ఎవరికైనా షాకు తగిలితే చేత్తో లాగవద్దు. ముందు మెయిన్ తీయండి. మెయిన్ దూరంగా ఉంటే ఎండు కర్రతో వైరును తప్పించండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, వాళ్లు వచ్చేదాకా ఆపవద్దు. ఇంట్లో ఆడవాళ్లకు, పెద్ద పిల్లలకు మెయిన్ ఎక్కడుందో, ఏ వైపు తీయాలో ఈ రోజే చూపించండి.

పైన చెప్పిన రైతు కొత్త ఎర్తు గుంట తవ్వించాడు. ఆర్‌సీసీబీ బిగించిన రోజు స్విచ్చి వేయగానే అది పడిపోయింది. ఎలిమెంటు విప్పి చూస్తే పైగొట్టం వెంట్రుకవాసి చీలి ఉంది.